లేని కుర్రాడికి పడ్డ ఓట్లు

వర్జీనియాలోని ఆష్‌బర్న్‌లో మా ఇంటి నంబరు తెలియనివాళ్ళకి కూడా నా కోతల సంగతి తెలుసు. మా వీధి వెనక డేటా సెంటర్ వేడికి జనవరి మంచులో కూడా కొత్తిమీర మొలుస్తోందని ఒకసారి చెబితే, ఇద్దరు ఆడవాళ్ళు సంచులు పట్టుకుని వెళ్ళొచ్చారు. యాభై రెండేళ్ళొచ్చినా ఈ గుణం పోలేదు. నేను కోసిన కోత ఎవరికైనా అతికిందంటే ఆ పూట నాకు అన్నం అక్కర్లేదు. అలాంటి నన్ను, నా కోతతోనే, నలభై మంది మధ్య నోట మాట రాకుండా నిలబెట్టిన మధ్యాహ్నం ఒకటుంది. అది చెబుతాను. ఇందులో కోత కలపలేదు. ఉన్న ఒక్క కోత ఎక్కడుందో నేనే చూపిస్తాను.

మా అక్క భర్త, అంటే మా బావగారు, వరంగల్ మనిషి. డేటాబేస్‌ల పని. ఇరవై రెండేళ్ళు ఒకే కంపెనీలో చేశారు. ఈ ఫిబ్రవరిలో ఒక మంగళవారం పావుగంట వీడియో కాల్‌లో ఆ ఉద్యోగం పోయింది. ఇంట్లోంచి చేసే పనే కాబట్టి పెట్టె సర్దుకుని బయటికి నడిచే ముచ్చట కూడా లేదు. లాప్‌టాప్ మూసి, అదే కుర్చీలో కూర్చుండిపోయారట. ఆ తర్వాత ఆయన మాట్లాడిన విషయం ఒక్కటే, ఫుట్‌బాల్. చేత్తో పట్టుకుని పరిగెత్తే ఇక్కడి ఫుట్‌బాల్. అందులోనూ డ్రాఫ్ట్.

డ్రాఫ్ట్ అంటే, ఏటా ఏప్రిల్ చివర్లో కాలేజీల్లో ఆడే కుర్రాళ్ళని పెద్ద టీములు వంతులవారీగా ఎంచుకోవడం. మొదట్లో నేను మన ఎంసెట్ కౌన్సెలింగ్ లాంటిదే కదా అనుకున్నాను. తీరా చూస్తే, ఆ ఏడాది అందరికన్నా ఘోరంగా ఓడిన టీముకి మొదటి వంతు! చివరి ర్యాంకు వాడిని పిలిచి, కుర్చీ వేసి, 'నాయనా, నీకు ఏ సీటు కావాలి?' అని అడిగే కౌన్సెలింగ్ లోకంలో ఉంటుందని తెలిసిన రోజున నేను పడ్డ ఆశ్చర్యం అంతా ఇంతా కాదు. అభిమానులకి దానికి ముందు మూడు నెలలూ తిరునాళ్ళే. మన టీముకి ఎవరు కావాలి, ఎవరు వద్దు అని ఒకటే వాదన. మా చుట్టుపక్కల తెలుగువాళ్ళు ముప్ఫై మందికి ఒక వాట్సాప్ గ్రూపుంది. అందులో పొద్దున లేస్తే ఇదే.

"ఫస్ట్ రౌండ్‌లో టాకిల్‌ని తీసుకోవాలి, నో డౌట్."

"డిఫెన్స్ లేకుండా టాకిల్‌ని ఏం చేస్కుంటవ్ బ్రో, ఆవకాయ పెడ్తవా?"

టాకిల్ అంటే బంతి విసిరేవాడి మీద ఎవడూ పడకుండా అడ్డంగా నిలబడే భారీ మనిషి. బావగారిది టాకిల్ పార్టీ. ఉద్యోగం పోయాక ఆయన ఒక ఎక్సెల్ షీటు మొదలుపెట్టారు. ఏ కుర్రాడి చెయ్యి ఎంత పొడవు, ఏ మోకాలికి ఎప్పుడు దెబ్బ తగిలింది, అన్నీ అందులో ఎక్కించేవారు. సాయంత్రం నేను ఆఫీసు నుంచి డ్రైవ్ చేసేటప్పుడు ఫోన్ చేసేవారు.

"ఏం మరదలా, టాకిల్ సంగతి ఏమన్న ఆలోచించినవా?"

ఆ వేళ ట్రాఫిక్ కదలడం లేదు. మరదలు బావని ఆటపట్టించకపోతే ఆ వరసకే అవమానం కదా! నోటికొచ్చింది అనేశాను.

"బావగారూ, వెస్ట్ వర్జీనియా కొండల్లో ఒక కుర్రాడున్నాడట, విన్నారా? ఆరడుగుల ఏడంగుళాలు. కాలేజీ ఎంత చిన్నదంటే, బ్యాండు వాయించేవాళ్ళే ఆటలోకి దిగుతారట. వాళ్ళమ్మ స్కూల్ బస్సు నడుపుతుంది. ఒకరోజు బస్సు మంచులో కూరుకుపోతే, పిల్లలు దిగితే చలికి వణుకుతారని, పిల్లలతో సహా బస్సుని తోసుకుంటూ స్కూలు దాకా తీసుకెళ్ళాడట. సెలవుల్లో పొలంలో ట్రాక్టర్ చెడిపోతే తనే లాగుతాడట."

కోత ఇదే. ట్రాక్టర్ కుర్రాడిని నేను కన్నది ఆ ట్రాఫిక్‌లోనే. ఇంటికొచ్చి ఇంకాస్త మసాలా దట్టించి, పేరూ ఊరూ పెట్టి గ్రూపులో కూడా పడేశాను. ఆ పేరు ఇప్పుడు రాయను. ఇప్పటికే చాలామంది వెతికి అలిసిపోయారు.

మన ఫార్వర్డుల సంగతి మీకు తెలియంది కాదు. వారం తిరక్కుండానే నా కథ కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్ చేరింది. అక్కడినుంచి బావగారి చిన్ననాటి దోస్తు ఆయనకే పంపాడు. అందులో కొత్త సంగతి, పెద్ద టీములు ఆ కుర్రాడిని రహస్యంగా ఉంచడానికి వాడి వీడియోలన్నీ తీయించేశాయట, అందుకే వెతికితే కనపడడట. తర్వాత న్యూజెర్సీలో, పిస్కాటవేలో చదువుకునే కుర్రాళ్ళ గ్రూపులోంచి మూడోది వచ్చింది. వాడు నిండా పాలున్న గ్లాసు పట్టుకుని పరిగెత్తినా చుక్క ఒలకదట. తప్పిపోయిన మా దూడ ఊరంతా మేసి, మెళ్ళో ఎవరిదో గంట కట్టించుకుని ఇంటికి తిరిగొచ్చినట్టయింది. దాన్ని నేనే గుర్తుపట్టలేకపోయాను.

బావగారు ఫోన్‌లో ఎగిరి గంతేశారు. "ఒక్క సోర్స్ అయితే నమ్మకపోదును మరదలా. నువ్వు చెప్పినవ్ గదా, నీ మాట ఎట్లుంటదో నాకెరుకే. కని ఫ్రీమాంట్ వేరే, పిస్కాటవే వేరే. మూడు దిక్కులకెల్లి కన్ఫర్మ్ అయింది!"

అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. దూడ అంతలా బలిసొస్తే ముచ్చటేసింది.

ఏప్రిల్‌లో, డ్రాఫ్ట్‌కి ముందు శనివారం పొద్దున అక్క ఫోన్ చేసింది.

"ఇవాళ మీ బావగారు షర్ట్ ఇస్త్రీ చేసుకున్నారే. రెండు నెలల తర్వాత! క్లబ్‌లో మాట్లాడతారట. మధ్యాహ్నం రెండింటికి. నువ్వు కూడా వెళ్ళి కాస్త చప్పట్లు కొట్టవే."

ఆ క్లబ్ అమెరికావాళ్ళది. పాతకాలపు అభిమానులు. ఫైర్ స్టేషన్ పక్క హాల్లో కలుస్తారు. ఏటా డ్రాఫ్ట్‌కి ముందు ఒక్కొక్కరూ మైకు దగ్గరికొచ్చి, మూడు నిమిషాల్లో ఒక కుర్రాడి పేరు చెప్పి వాదిస్తారు. చివర్లో చేతులెత్తి ఓటేస్తారు. గెలిచిన పేరుతో టీము ఆఫీసుకి ఉత్తరం రాసి, దానిమీద అందరూ సంతకాలు పెడతారు. టీము ఒక్కసారి కూడా జవాబివ్వలేదు. వీళ్ళు ఒక్క ఏడాది కూడా మానలేదు. బావగారు ఐదేళ్ళుగా ఆ హాల్లో చివరి వరసలో కూర్చుని వింటున్నారు తప్ప నోరు విప్పలేదు.

"ఎవరి గురించి మాట్లాడతారటక్కా?"

"ఎవరో ట్రాక్టర్ కుర్రాడట. రాత్రంతా ప్రాక్టీస్ చేశారు. ఇంటర్వ్యూల్లో ఎవరూ పది నిమిషాలు మించి మాట్లాడనివ్వట్లేదే ఈయన్ని. ఇక్కడన్నా నలుగురూ వింటే మనిషి కోలుకుంటారేమో."

నా చేతిలో దోసె గరిటె అలాగే ఉండిపోయింది. దోసె మాడింది. బావగారికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. మధ్యాహ్నం దాకా మళ్ళీ మళ్ళీ చేశాను. మైకు ముందు మోగుతుందేమోనని పెద్దమనిషి పొద్దుటే ఫోన్ ఆపేసుకున్నారట. వాళ్ళింటికి వెళ్ళేసరికి బయల్దేరిపోయారు. నేను హాల్ తలుపు తోసేటప్పటికి మైకు దగ్గర నిలబడి ఉన్నారు. ఇస్త్రీ షర్ట్ మీద టీము జెర్సీ. షర్ట్ కాలరు జెర్సీలోంచి బడి పిల్లాడిదిలా బయటికి తీసి ఉంది.

అక్కడ అందరూ మాట్లాడింది ఇంగ్లీషే. నేను మన మాటల్లో రాస్తున్నాను.

క్లబ్ కార్యదర్శి పళ్ళ డాక్టరమ్మ. వంటింటి టైమర్ తిప్పి బల్ల మీద పెట్టింది. బావగారు మొదలుపెట్టారు. కాలేజీ బ్యాండు చెప్పారు. బస్సు చెప్పారు. మంచు చెప్పారు. తల్లి గురించి చెబుతుంటే గొంతు కాస్త వణికింది. పాల గ్లాసు దగ్గర హాల్లో నవ్వులు, మంచి నవ్వులే. నేను గోడకి అతుక్కుపోయాను. నా కోత అంత అందంగా ఎవరూ చెప్పగా వినలేదు, నాతో సహా.

టైమర్ మోగింది. డాక్టరమ్మ ముందు ఒక లావుపాటి పేర్ల చిట్టా ఉంది. ఆ ఏడాది డ్రాఫ్ట్‌కి వచ్చే వాళ్ళందరివీ. వేలు పెట్టి ఒక పేజీ, ఇంకో పేజీ, మళ్ళీ వెనక్కి మొదటి పేజీ చూసింది. "క్షమించండి, ఈ పేరు నాకు కనపడటం లేదు. స్పెల్లింగ్ చెబుతారా?"

బావగారు చెప్పారు. ఆమె మళ్ళీ వెతికింది.  ఎవరో ఫోన్ తీశారు. బావగారి చెయ్యి కాలరు మీదికి పోయింది.  'అయిపోయింది, రెండు నెలల తర్వాత ఇస్త్రీ చేసుకున్న మనిషిని నలభై మందిలో నిలబెట్టి చంపేశాను' అనుకున్నాను.

అప్పుడు ముందు వరసలోంచి ఒక పెద్దాయన లేచాడు. ఎనభై దాటి ఉంటాడు. ఒకప్పుడు ప్లంబర్. తండ్రి కాలం నుంచీ స్టేడియంలో అదే సీటు వాళ్ళది. ఆయన మాటంటే అక్కడ వేదం.

"నేను చూశాను వాణ్ణి," అన్నాడు.

నేను సరిగ్గా వినలేదేమో అనుకున్నాను.

"నవంబర్‌లో. వాళ్ళ కాలేజీ గ్రౌండ్‌లో. బ్యాండు కుర్రాడొకడు డ్రమ్ము దింపి ఆటలోకి దిగడం కూడా చూశాను. పెద్ద కుర్రాడు. కాళ్ళు బాగా ఆడతాయి."

నా జన్మలో నేను అంతగా అదిరిపడలేదు. నా నోట్లో పుట్టిన పిల్లాడిని ఈయనెక్కడ చూశాడు? ఒక్క క్షణం, నిజంగా ఒక్క క్షణం, వాడు ఉన్నాడేమో అనిపించింది. వెస్ట్ వర్జీనియా పెద్దది. బస్సులూ ఉంటాయి.

ఆయన కూర్చున్నాడో లేదో, ఇంకో గడ్డమాయన అందుకున్నాడు. "ఎడమ మోకాలు కొంచెం చూసుకోవాలి. అది తప్పితే బంగారం." ఆ పక్కనాయన ఒప్పుకోలేదు. "మోకాలు బాగానే ఉంది. సమస్య నడుముది. మా బావమరిది వాడి ఆట చూసి చెప్పాడు." ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. లేని మోకాలి మీద, లేని నడుము మీద, నిజమైన మనుషులు మొహాలు ఎర్రబడేలా వాదించుకుంటున్నారు. ముప్ఫై ఏళ్ళ కోతల అనుభవం నాది. ఆ హాల్లో నేను ఎల్‌కేజీ.

ఇంకో ఆరుగురు మాట్లాడాక ఓట్లు వేశారు. ట్రాక్టర్ కుర్రాడు గెలిచాడు. డాక్టరమ్మ ఉత్తరం ప్రింట్ తీయడానికి లోపలికి వెళుతూ, "మొదటి సంతకం మీదే," అని బావగారి భుజం తట్టింది. అందరూ కాఫీ బల్ల చుట్టూ చేరారు. బావగారి చుట్టూ ఐదుగురు. ఆయన చేతులు తిప్పుతూ చెబుతున్నారు. ఫిబ్రవరి నుంచి ఆ చేతులు అలా కదలగా నేను చూడలేదు.

నేను తిన్నగా పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. "మీరు నిజంగా చూశారా?"

ఆయన కాఫీలో పంచదార కలుపుకుంటూ, "ఎవర్ని?" అన్నాడు.

"ఆ కుర్రాణ్ణి."

"అమ్మా, ఆ కొండల్లో పుట్టినవాణ్ణి నేను. అక్కడున్న కాలేజీలన్నీ నాకు తెలుసు. మీరు చెబుతున్న ఊళ్ళో కాలేజీ కాదు కదా, పెట్రోల్ బంకు కూడా లేదు."

"మరి..."

"ఆయన మొహం చూశాను. ఐదేళ్ళుగా వెనక వరసలో కూర్చుంటున్నాడు. ఇవాళ నోరు విప్పాడు. ఆ డాక్టరమ్మ చిట్టాలో వేలు పెట్టి వెతుకుతుంటే నేను చూడలేకపోయాను. ఆ తర్వాత లేచిన ఇద్దరి సంగతి అంటావా, నేను చూశానన్నది తాము చూడలేదని ఒప్పుకోవడం వాళ్ళకి చేతకాదు." చెంచా నాకి బల్ల మీద పెట్టాడు. "ఎవరో ఆయన్ని బాగా మోసం చేశారు."

"నేనే," అన్నాను. ఆ మాట నా నోట్లోంచి రావడం నాకే వింతగా ఉంది.

ఆయన నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. కోప్పడతాడేమోనని చూశాను. "ఆరడుగుల ఏడంగుళాలు ఎక్కువ," అన్నాడు. "ఐదు చాలు. అంత ఎత్తు మనిషి చుట్టుపక్కల మూడు ఊళ్ళకి తెలియకుండా ఉండడు." తర్వాత ప్రింటర్ చప్పుడు వస్తున్న గది వైపు తల ఊపాడు. "ఉత్తరం సంగతి మటుకు నువ్వు చూసుకో. ఆయన సంతకం పెడితే అది వెళుతుంది. టీము ఆఫీసులో నవ్వుతారు. నవ్వేది ఆయన పేరు చూసి."

నేను సరదాకి అబద్ధం ఆడాను. ఈయన ఒక మనిషి పరువు నిలబెట్టడానికి, తన పరువు పందెం పెట్టి ఆడాడు. అబద్ధానికి ఇలాంటి ఉపయోగం ఒకటుందని ఇన్నేళ్ళలో నాకు తట్టనే లేదు.

బావగారిని చెయ్యి పట్టుకుని బయటికి లాక్కెళ్ళాను. ఎర్ర ఫైరింజను ముందు నిలబడి చెప్పేశాను.

ఆయన నవ్వారు. "ఇంక ఆపు మరదలా. ఇప్పుడు గూడ కోతలేనా? పెద్దాయన చూసిండు గదా!"

"చూడలేదు. మీ కోసం అన్నాడు."

"ఫ్రీమాంట్‌ది?"

"నాదే. తిరిగొచ్చింది."

"పిస్కాటవే?"

"అదీ నాదే బావగారూ."

ఆయన ఇంజను చక్రం వైపు చూస్తూ నిలబడ్డారు. "వాళ్ళమ్మ?"

"ఆవిడా లేదు."

"బస్సు?"

నేను తలొంచుకున్నాను. తిడతారనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"పొద్దున లేసి మెయిల్ చూస్తుంటి," అన్నారు, చాలా నెమ్మదిగా. "ఏ కంపెనీకెల్లి జవాబు ఉండకపోతుండె. సరే తీ, గా పోరనికి గూడ ఇంకా ఎవరు ఫోన్ చెయ్యలే, వాళ్ళమ్మ గూడ ఎదురుచూస్తనే ఉంటది, అనుకుంటుంటి. అనుకొని లేసి స్నానం చేస్తుంటి."

 నేను ట్రాఫిక్‌లో ఉబుసుపోక పుట్టించినవాడు, ఈయన్ని రోజూ మంచం మీంచి లేపుతున్నాడు. వాణ్ణే ఇప్పుడు నేను చంపాను.

నేను ఇంకేదో అనేలోపే ఆయన లోపలికి నడిచారు. డాక్టరమ్మ ఉత్తరమూ పెన్నూ అందించబోతే తీసుకోకుండా మైకు దగ్గరికి వెళ్ళారు.

"ఫ్రెండ్స్, ఈ ఉత్తరం పంపకండి. ఈ కుర్రాడు లేడు. నేను సరిగ్గా చెక్ చేసుకోలేదు. తప్పు నాది."

నా పేరు ఎత్తలేదు.  మోకాలి గడ్డమాయన తన కాఫీ కప్పు అడుగున ఏదో ముఖ్యమైనది రాసి ఉన్నట్టు చూస్తున్నాడు. నడుమాయన బావమరిదికి కాబోలు మెసేజ్ చేస్తున్నాడు. "తప్పు ఆయనది కాదు, నాది. నేను పుట్టించాను," అని వెనకనుంచి అరిచాను. నలభై తలలు నా వైపు తిరిగాయి. పెద్దాయన ఒక్కడే తిరగలేదు.

డాక్టరమ్మ ఉత్తరాన్ని అడ్డంగా చింపింది. అక్కడితో అయిపోయిందనుకున్నాను. కానీ ఆమె టైమర్ అందుకుని మళ్ళీ తిప్పింది.

"మీకు మూడు నిమిషాలు. ఉన్నవాణ్ణి ఎవర్నైనా చెప్పండి."

బావగారు నిలబడే ఉన్నారు. చేతిలో కాగితం లేదు.  తర్వాత ఒక పేరు చెప్పారు. డాక్టరమ్మ వేలు చిట్టాలో చివరి పేజీ దాకా వెళ్ళి అక్కడ ఆగింది. ఉన్నాడు! పొట్టి కుర్రాడు, ఎవరి నోటా నానని పేరు. అయినా బావగారి షీటులో ఉన్నాడు. బంతి కదలకముందే ఆత్రపడి కదిలితే టీముకి శిక్ష పడుతుంది. ఈ కుర్రాడు కాలేజీలో ఆడినన్నాళ్ళూ ఒక్కసారి కూడా ముందు కదల్లేదట. "అందరూ వీడి చేతులు కొలుస్తున్నారు. వీడి ఓపిక ఎవరూ కొలవలేదు," అన్నారు బావగారు. అందులో బస్సు లేదు, మంచు లేదు. గొంతు వణకలేదు.

టైమర్ మోగకముందే పెద్దాయన లేచి నిలబడ్డాడు. మళ్ళీ ఆదుకుంటాడు కాబోలు అనుకున్నాను.

"పనికిరాడు!" అని కర్రతో నేల మీద కొట్టాడు. "ఆ చేతులు చూశావా? నా మనవరాలి చేతులు అంతకన్నా పొడుగు. వాణ్ణి అడ్డు నిలబడే వరస అంచున పెడితే, బంతి విసిరే మనవాడు మొదటి ఆటలోనే ఆసుపత్రికి పోతాడు."

"అంచున ఎవరు పెట్టమన్నారు సార్?" బావగారు మైకు వదిలేసి రెండడుగులు ముందుకొచ్చారు. "మధ్యలో పెట్టండి. మధ్యలో చేతులతో పనేముంది?"

"మధ్యలో మనకి ఇద్దరున్నారు!"

"ఇద్దరూ పోయినేడు కుంటుకుంటూ ఆడారు. మీరు చూడలేదా?"

"నువ్వు నాకు చెబుతావా? నువ్వు పుట్టకముందు నుంచి చూస్తున్నాను!"

"అయితే కళ్ళద్దాలు మార్చండి!"

హాలు గొల్లుమంది.  మా బావగారు, ఒక ఎనభై ఏళ్ళ పెద్దమనిషితో, అమెరికావాడితో! పెద్దాయన ఇందాక చూపించిన దయ ఇప్పుడు ఆయన మొహంలో మచ్చుకైనా లేదు. నిజంగా పోట్లాడుతున్నాడు. బావగారి చెవులు ఎర్రబడ్డాయి. కాలరు ఒకవైపు జెర్సీ లోపలికి పోయింది, ఆయనకి ఆ ధ్యాసే లేదు. టైమర్ ఎప్పుడో మోగింది. ఎవరూ పట్టించుకోలేదు. డాక్టరమ్మ కూడా "మోకాళ్ళ సంగతేమిటి?" అంటూ మధ్యలో దూరింది.

చివరికి మళ్ళీ ఓట్లు వేశారు. బావగారి కుర్రాడికి అనగానే అక్కడొకటి ఇక్కడొకటి చేతులు లేచాయి. పెద్దాయన రెండు చేతులూ కర్ర మీదే పెట్టుకుని బిగుసుకుని కూర్చున్నాడు. నేను వెనక గోడ దగ్గరనుంచి నా చెయ్యి ఎత్తగలిగినంత పైకి ఎత్తాను.

బావగారు మైకు మీదికి వంగారు. ఆ హాల్లో ఎవరికీ అర్థంకాని భాషలో, అందరికీ వినపడేలా అన్నారు.

"మరదలా, చెయ్యి దించు. నీ ఓటు నాకద్దు."

దించాను. డాక్టరమ్మ లెక్కపెట్టింది. ఐదు.

"ఐదు," అని బావగారు జేబులోంచి పెన్ను తీసి అరచేతిలో రాసుకున్నారు. వెంటనే ఆ ఐదుగురిలో మొదటివాడి దగ్గరికి వెళ్ళి కుర్చీ లాక్కుని కూర్చుని, ఆ పొట్టి కుర్రాడి లెక్కలు చెప్పడం మొదలుపెట్టారు.